తవిటమ్మ దస్తూరి

పొందూరు స్టేషన్లో, పట్టాలవతల ఏటవాలు కట్ట మీద
ముగ్గుపిండితో నేనే గీశాను
మనిషెత్తు అక్షరాలు మూడు.
టిక్కెట్లు కొట్టే వేళ్లకి
అంతకంటే పెద్ద రాత ఎవరూ పురమాయించలేదు.

తవిటమ్మ కొంగు దోపి
గీత వెంట జానెడుకొక గొయ్యి తీసింది.
తొలకరికి కోసిన క్రోటన్ కొమ్మలు,
రెండు కణుపులు మట్టిలోకి, రెండు గాలిలోకి.
"ఇదేటి బాబూ, గుండ్రంగా?"
సున్నా.
"అంటే ఏటీ నేనట్టా?"
ఇక్కడ అలా కాదు. ఉన్నట్టే.
అది లేకపోతే ఊరు పొదూరైపోతుంది.
"అయితే దీనికి ఎర్రాకు యేద్దాం" అంది.
రోజూ దానికి ఒక బిందె ఎక్కువ.

మొక్కకి చదువు గిట్టదు.
నెల తిరిగేసరికి
దూ తోక వెళ్లి రు వీపు మీద పడుతుంది.
పొ నెత్తిన జుట్టు రేగుతుంది.
వదిలేస్తే, వానలు వెనకబట్టే నాటికి
అంతా ఒకే పొద,
ఏ ఊరూ కాదు.

కత్తెర ఎత్తేది తవిటమ్మ.
"కింద యెడల్పు, పైన సన్నం.
అడుగాకుకీ ఎండ తగలాల.
నీడనుంటే వొట్టి పచ్చ బాబూ,
ఎండ తింటేనే రంగు."
కణుపుకి వేలెడు పైన, వాలుగా, ఒక్క కోత.
పాలు కారేవి. ఆ మరక ఏ సబ్బుకీ లొంగదు.
ఆమెకున్న రెండు చీరలూ
గోధుమరంగు చుక్కల అద్దకం.

వాళ్లమ్మ వలుగ చేప దవడతో పత్తి ఏకేదట,
పోగు సన్నబడే కొద్దీ చూపు సన్నబడి
చివరికి రాట్నం చప్పుడు మాత్రం కనబడేదట.
అందుకే ఈమె ఆకు వైపు వచ్చింది.
ఆకు లావు. తడిమినా తెలుస్తుంది.

ముందు పుట్టిన ఇద్దరూ పోతే
మూడోదాన్ని చేటెడు తవుడుకి అమ్మి
మళ్లీ కొనుక్కున్నారు.
ఆ పేరు ఎలా రాస్తారో ఆమెకి తెలీదు.
ఊరి పేరు రాస్తుంది,
తన పేరు దగ్గర వేలిముద్ర.

మొన్న వేసవిలో కాంట్రాక్టు మారింది.
పది వారాలు రావద్దన్నారు. వచ్చింది.
పొద్దుటి పలాస పాసింజరు వెళ్లాక
బిందె మోసి, నీళ్లు పోసి
ఎవరికీ కనబడకుండా పోయేది.
కత్తెర మాత్రం స్టోరు గదిలో తాళంలో ఉంది.

తొలి వానకి అక్షరాలు ఉబ్బాయి.
అయినా ఏ బండీ ఆగకుండా పోలేదు,
ఎవరూ తప్పు ఊళ్లో దిగలేదు.
నాకే, కౌంటరు కిటికీలోంచి, చదవడం రాలేదు.
ఓ ఆదివారం తాళం తీయించి
బీకాం చదివిన చేత్తో నేనే కోశాను.
మర్నాడు ఆమె చూసింది.
"ఎవులు బాబూ, దూడ మేసిందా?"
నేను చిల్లర లెక్కపెట్టుకున్నాను.

జీతాల కాగితం వచ్చిన రోజు
వేలు ఆనించబోయి ఆగింది.
"ఇది నా మొక్కే కదా!"
రూ. మీద వేలు.
"రుకి దూ తోక అంటుగట్టేరేటి?"
డబ్బుని అలాగే రాస్తారు అన్నాను.
నవ్వింది. చదివేసినందుకు నవ్వింది.
తోక వెంట కింది వరసకి జారింది వేలు.
పది వారాల వరస.
అక్కడ తనకి బాగా తెలిసిన గుండ్రం ఒక్కటే ఉంది.

"సున్నా."
అవును.
"ఉన్నట్టే అన్నావు కదా బాబూ."

బయట గూడ్సు వెళ్తోంది,
యాభై ఎనిమిది పెట్టెలు,
అది అయ్యేదాకా నేను మాట్లాడక్కర్లేదు.

పాలమరకల బొటనవేలు సిరాలో ముంచి
నొక్కి వెళ్లిపోయింది.

ఆ నెల పొ కోసింది, దూ కోసింది,
రు చెవులు సరిచేసింది.
సున్నాని ముట్టలేదు.
ఇప్పుడది ఎర్రగా, గుబురుగా
పక్కనున్న పొ భుజం దాకా వచ్చింది.
స్టేషన్ మాస్టరు అడిగితే
మొక్క కదండీ, పెరుగుతుంది అన్నాను.
కత్తెర స్టోరు గదిలోనే ఉంది.
తాళంచెవి నా జేబులో.